దీపానికి కట్టిన చెక్కగోడ

రాజ్యలక్ష్మమ్మ చెయ్యి ఎంత గట్టిదో కోడుమూరు బజారులో తెలియనివాళ్లు లేరు. తూకంలో మోసం చేసిన దళారికి నడిబజారులో చెంప పగలగొట్టిన ఘనత ఆమెది. మెతకమనిషి మొగుడు రామసుబ్బయ్య వీపుకూ ఆ చేతి రుచి తెలుసు.

2007లో ఆయన తుంటి విరిగి మంచాన పడ్డాడు. కొడుకు తేజేశ్వర్ ఇద్దర్నీ కర్నూలులోని తన కొత్త ఫ్లాటుకు తెచ్చుకున్నాడు. హాలు కప్పుకు సెగ తగిలితే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ ఉంది. ఆమె నమ్మకమంతా మాత్రం శ్రీశైలం మల్లన్న మీదే. మొగుడు లేచి నడిచేదాకా ఆరనివ్వనని మొక్కుకుని, హాలు మూలన ఆయన మంచం పక్కనే అఖండదీపం వెలిగించింది. ఫ్యాను గాలికి అది రెపరెపలాడుతుంటే వడ్రంగిని పిలిపించి, మంచమూ దీపమూ లోపలే ఉండేలా ఆ మూలకు నేల నుంచి కప్పు దాకా ప్లైవుడ్ గోడ కట్టించి తలుపు పెట్టించింది.

తేజేశ్వర్ లబోదిబోమన్నాడు. నిప్పంటుకుంటే సెగ ఆ గోడ దాటి బయటికి రాదు, ఒక్క చుక్క నీళ్లు నాయన మీద పడవు అని మొత్తుకున్నాడు.

"దీపం ఆరితే మీ నాయన్ను నువ్వు తెచ్చిస్తావేమిరా?" అని ఆమె వాడి నోరు మూయించింది.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం మీద కదిలేసరికి దుప్పటి అంచు జారి దీపం మీద పడింది. ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి లోపల మంట హోరెత్తుతోంది, మొగుడు కేకలు పెడుతున్నాడు. గడియ పట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కింది. తలుపు బిగుసుకుపోయింది. హాలు కప్పులోని స్ప్రింక్లర్‌లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

రోకలి తెచ్చి ఎత్తింది. చెక్క పగిలితే నీళ్లు పడతాయి, నీళ్లు పడితే దీపం ఆరుతుంది. ఎత్తిన రోకలి ఒక్కసారి గాల్లోనే ఆగింది. మరుక్షణం బూతులు తిడుతూ గోడను కసిదీరా బాదింది. పెచ్చులు ఎగిరి మొహం చీరుకుపోయింది, మంట ఎగదన్ని కనుబొమలు కాలిపోయాయి. గోడ కూలింది. సెగ ఒక్కసారిగా కప్పుకు తాకింది, నీళ్లు ధారగా దూకాయి. అన్నిటికంటే ముందు దీపం ఆరిపోయింది.

రామసుబ్బయ్యలో కదలిక లేదు. కాలిన చేత్తోనే ఆయన చెంప ఛెళ్లుమనిపించింది. ఇంకోటి కొట్టింది. దీపం పాయ, నువ్వూ పోతే చంపేస్తా అని ఏడుస్తూ మళ్లీ చెయ్యెత్తితే, ఆ చేతిని ఆయన పట్టుకున్నాడు.

"సాల్లేవే. బతికే ఉండా."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆ చేతిని ఆపడం అదే మొదలు. బొబ్బలు చిట్లి మంట పుడుతున్నా ఆమె విడిపించుకోలేదు.