ఉప్పు గంజి పెట్టిన డేరాలు

1949. పోలీస్ చర్య అయి ఏడాది కూడా నిండలేదు. సికింద్రాబాద్‌లో మేము డేరాలు కుట్టే కార్ఖానాకు పాత ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. ఎవరికి డేరాలు కావాలో సర్కారుకే తెలియని రోజులవి. అప్పుడు నైరోబీలో దుకాణమున్న ఒక గుజరాతీ సేఠ్ వచ్చాడు. అక్కడి మృగాల పార్కులో ఒక దొర చిన్న క్యాంపు పెడుతున్నాడట. ఆరు డేరాలు తెచ్చి నిలబెట్టాలి. నచ్చితే ఇంకో నలభై. ఆ నలభై వస్తే కార్ఖానా నడుస్తుంది, రాకపోతే పన్నెండు మందిమి ఇంటిదారి పడతాం.

మా ఉస్తాద్ సీతాఫల్‌మండి ఖాదర్ మియా. తోడుగా నన్ను ఎంచుకున్నాడు. పనితనం చూసి కాదు. పెళ్లికానివాడు సింహం నోట పడితే ఏడ్చేవాళ్లు తక్కువని.

ఓడ దిగి, రైలు దిగి, లారీ దిగి చూస్తే క్యాంపంటే ఒక గడ్డిపాక, నీళ్ల పీపాలు, మూడు తుమ్మచెట్లు. కంచె లేదు. ఎందుకు లేదని అడిగితే దొర, అది జంతువుల ఇల్లు, మనం చుట్టాలం అన్నాడు.

కంటోన్మెంట్ డేరాకు ఒక మర్యాద ఉంది. గుడ్డకూ, గై రోపులకూ, అంటే డేరాను నలువైపులా మేకులకు లాగి కట్టే తాళ్లకూ, గంజి పట్టించి ఆరబెడతాం. పరేడ్‌లో సిపాయిలా బిర్రుగా నిలబడుతుంది. ఆ గంజి కాచే పని నాది. సాయంత్రానికి ఆరూ నిలబడ్డాయి.

తెల్లవారేసరికి రెండు పడిపోయాయి. అందులో ఒకటి మాది, మేము లోపలే ఉన్నాం. ఏనుగు పని అన్నాడు ఉస్తాద్, గుడ్డ కిందినుంచే. ఏనుగైతే మనకు ఇంత మాట్లాడుకునే తీరిక ఉండేది కాదన్నాను. తాళ్లు నమిలినట్టు తెగి ఉన్నాయి. మర్నాడు ఇంకొకటి పడింది. శనివారం అతిథులు వస్తారు, అప్పటికి నిలబడకపోతే డేరాలనూ మమ్మల్నీ ఒకే ఓడలో వెనక్కి పంపుతానన్నాడు దొర.

మూడో పొద్దున నేను నీళ్ల పీపా వెనక కూర్చున్నాను. నాలుగు జీబ్రాలు వచ్చాయి. గడ్డివంక చూడలేదు. తిన్నగా గై రోపు దగ్గరికెళ్లి, ముందు నాకి, తరువాత నమలడం మొదలుపెట్టాయి. వాటిని తరిమి నేనూ నాకి చూశాను.

మా కార్ఖానాలో గంజికి వేరే కుండ లేదు. మధ్యాహ్నం ఉప్పేసి అందరం తాగేదీ, డేరాలకు పట్టించేదీ ఒకటే. ఆరు డేరాలకు గుండిగల కొద్దీ కాచిన రోజు కూడా నా చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బాలోకి పోయింది, అదీ దోసిళ్లతో.

ఉస్తాద్‌కు చెప్పక తప్పలేదు. "తాళ్లల్ల ఉప్పున్నది ఉస్తాద్. నేనే ఏసిన."

ఆయన తాడు కొస నోట్లో పెట్టుకుని చప్పరించాడు. "జెర ఎక్కువే ఏసినవ్," అన్నాడు.

"కడగాలె."

"కడిగితే గంజి పోతది. ముప్పై ఏండ్ల సంది గంజి లేని డేరా నిలబెట్టలే నేను. కంటోన్మెంట్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"కంటోన్మెంట్ గీడికి రాదు ఉస్తాద్. జీబ్రాలు వస్తయి."

ఉస్తాద్ చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు రోజులు ఉతికాం. డేరాలు జ్వరం నుంచి లేచినవాళ్లలా నిలబడ్డాయి. ఉస్తాద్ వాటివైపు వీపు పెట్టుకుని కూర్చున్నాడు. కానీ నిలబడ్డాయి.

శనివారం అతిథులు దిగారు. కుర్చీలు వేసుకుని ఎదురుచూశారు. ఒక్క జంతువూ రాలేదు. దొర ముఖం మళ్లీ మారుతుంటే, ఉస్తాద్ లేచి వెళ్లి, ఉతకకుండా మిగిలిన తాళ్లకట్టను దూరంగా ఉన్న తుమ్మచెట్టుకు కట్టి వచ్చాడు. టీ వేళకు జీబ్రాలు హాజరు.

నలభై డేరాల ఆర్డరు వచ్చింది. గంజి వద్దని రాశాడు దొర. కింద ఇంకో వరుస ఉంది: ఉప్పు తాళ్లు, విడిగా.

చేసే చేతికి తన అలవాటు రుచి తెలియదు. అది తెలుసుకోవడానికి నేను సముద్రం దాటవలసి వచ్చింది. ఇప్పుడు కార్ఖానా నుంచి ఏ డేరా బయటికి పోయినా ముందు తాడు నాకి చూస్తాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. జీబ్రాలు నవ్వలేదు.