నోటరీ ముద్ర మీద నూనె చుక్క

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళుండి, లోకంలోని మూఢత్వమంతా ఎదుటివాళ్ళ ఇళ్ళలోనే ఉంటుందని గట్టిగా నమ్మిన రోజుల్లో, నానక్‌రామ్‌గూడలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. బడి గడప తొక్కకుండా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి గట్టెక్కినదాన్ని. అలాంటి నన్ను నమ్మి కుర్చీ ఇచ్చిన సారును దీవించమని నార్సింగి నుంచి షేర్ ఆటోలో వస్తూ రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని. (ఆ ఆటో నడిచే తీరుకు ప్రార్థన తనంతట తానే వచ్చేది.) సారుది నానక్‌రామ్‌గూడే. చుట్టూ ముప్పై అంతస్తుల అద్దాల మేడలు, వాటి మధ్య వాళ్ళ పాత ఇంటి మేడ మీద ఆరుగురం కూర్చుంటే ఏడోవారు నిలబడాల్సిన మా అంతర్జాతీయ సంస్థ. అంతర్జాతీయం ఎందుకంటే, పటం మీద చిటికెన వేలు పెడితే మాయమయ్యే ఓ యూరప్ దేశంలో సారు కొత్త కంపెనీ రిజిస్టర్ చేయిస్తున్నారు. అక్కడ కంపెనీ ఉంటేనే ఒప్పందం మీద సంతకం పెడతానని అక్కడి కస్టమర్ అన్నాడు, అదీ నెలాఖరులోగా. లేకపోతే మా ఆఫీసు మూతే. ఈ మాట సారు మాకు ధైర్యం చెబుతూ రోజుకు రెండుసార్లు గుర్తు చేసేవారు.

ఆ దేశం వాళ్ళు సారు చేసిన పాపాలకు తప్ప అన్నిటికీ రుజువులు అడిగారు. అయిదు కాగితాలు, అయిదింటి మీదా ఊదారంగు నోటరీ ముద్రలు. కవరులో పెట్టి కొరియర్‌కు పంపడం నా పని. సరిగ్గా అప్పుడే సారు వాళ్ళమ్మ పసుపు గిన్నెతో మెట్లెక్కి వచ్చింది. మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. "ఏంది బిడ్డా, కొత్త కాయితాలకు పసుపు వెట్టకుంటనే పంపుతున్నరా?" అంటూ నాలుగు కాగితాల మూలలకు చుక్కలు పెట్టేసింది. అయిదోది సారు లాక్కున్నారు. "అమ్మా, ఇది పెండ్లి పత్రిక గాదే!" "పెండ్లి పత్రికనే మంచిగుండె, పిలిస్తె నలుగురన్న వస్తరు," అని పెద్దమ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

నేను లోపల ఎంత నవ్వుకున్నానో! సర్వర్లూ క్లౌడులూ అంటూ తిరిగే ఆఫీసులో పసుపు చుక్కలా? పాపం, అమాయకులు అనుకుంటూ, అందరూ భోజనానికి వెళ్ళాక బ్యాగులోంచి మా పాస్టరమ్మగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా తీశాను. మూడో కాగితం మీద, మరీ ముఖ్యమైన చోటని ముద్ర మీదే, వేలితో సిలువ గుర్తు వేశాను. (ఇది మూఢత్వం కాదు, విశ్వాసం. తేడా తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.) కళ్ళు మూసుకునే ప్రార్థించి, అలాగే మడిచి కవరులో పెట్టాను.

నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులుండగా ఆ దేశం నుంచి మెయిలొచ్చింది. మరకల వల్ల తిరస్కరించామన్న మొదటి వాక్యం చదవగానే సారు ఇల్లదిరేలా అరిచారు. "అమ్మా! నీ పసుపు జేసిన పని జూడు!" పెద్దమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నా చెయ్యి తగిలే ఆగిపాయెనా బిడ్డా?" అంది.

మెయిలు మొత్తం చదివింది నేనొక్కదాన్నే. పసుపు చుక్కలకు వాళ్ళకు అభ్యంతరమే లేదు; అవి మన దేశపు అధికారిక గుర్తులనుకున్నారు. గుర్తు లేని అయిదో కాగితం అసలుదేనా అని మాత్రం అనుమానపడ్డారు. తిరస్కరించింది మూడో కాగితాన్ని. నూనె ఇంకి ముద్ర కరిగిపోయి, ఊదారంగు మబ్బులా మిగిలిందట.

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. తెరిస్తే అమ్మ దగ్గర చదువుకున్న చదువు మళ్ళీ అమ్మ దగ్గరికే పోతుంది. కానీ పెద్దమ్మ తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. "సార్, పసుపు కాదండి, నా నూనె," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు గానీ ఆఫీసంతటికీ వినపడింది.

సారు నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది. "నువ్వు గూడ మొక్కినవా బిడ్డా? ముందే జెప్పొద్దా? ముద్ర మీద ఎవరన్న వెడ్తరా, మూలకు వెట్టాలె గని!"

సారు మెయిలు చివరిదాకా చదివి తల పట్టుకున్నారు. తరవాత నవ్వారు. ఆ నవ్వు చూసి నా ఉద్యోగానికి ప్రాణం వచ్చింది. మర్నాడే కొత్త కాగితాలకు ముద్రలు వేయించుకొచ్చి, నన్ను గోడ పక్కన నిలబెట్టి, "ఇగ జర దూరంగుండు తల్లీ, చేతులు ఎనక వెట్టుకో," అన్నారు. ఆ తరవాత గొంతు తగ్గించి, "అమ్మా, గా పసుపు తేవే. ఈసారి అయిదింటికి వెట్టు, వాళ్ళే అడుగుతున్నరు."

గడువుకు రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇప్పటికీ అదే సంస్థలో పరాయి దేశాలకు కాగితాలు పంపేది నేనే. నూనె సీసా సొరుగులో ఉంది, నా చేతులు మాత్రం వెనకే ఉంటాయి. ఆ రోజు నా నోరు తెరిపించినందుకు దేవునికి ఎప్పుడూ స్తోత్రం చెల్లించుకుంటాను. ప్రార్థన మధ్యలో ఒక్కసారి కళ్ళు కూడా తెరిపించి ఉంటే, పాపం ఆ ఇరవై రెండేళ్ళ పిల్లకు కరుగుతున్న ముద్ర కనపడేది.