డబ్బా మీద ఎర్ర త్రికోణం

గుడివాడలో మాది పురుగుమందుల కొట్టు. ఈ రోజు పొద్దున్నే నందివాడ నుంచి ఒక పెద్దాయన వచ్చి, వరిలో సుడిదోమ పడింది, మందు కావాలన్నారు. నేనిచ్చిన డబ్బాని అటూ ఇటూ తిప్పి, లేబుల్ మీద ఆకుపచ్చ త్రికోణం చూసి పక్కకి నెట్టేశారు.

"ఆకుపచ్చ గుర్తుదానికి ఏం చస్తాయమ్మా? ఎర్ర గుర్తుది ఇవ్వు, ఘాటుగా ఉంటుంది."

మిరపకాయలు బేరం చేస్తున్నట్టే అడిగారు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

"ఆ రంగు దోమ కోసం కాదు బాబాయి గారూ. ఆ మందు మనిషికి ఎంత ప్రమాదమో చెప్పడానికి. ఎరుపంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. మీ దోమకి ఇదే బాగా పనిచేస్తుందండీ."

ఆయన మొహం తేటపడింది. "ఓస్, అంతేనా! చేలో కొట్టేది నేను కాదులేమ్మా, మా పాలేరు సుబ్బయ్య."

నా నవ్వు పోయింది.

"అయితే సుబ్బయ్య గారినే పంపండి. ఏ రంగు కావాలో ఆయన్నే అడిగి ఇస్తాను" అన్నాను.

ఆయన ఆకుపచ్చ డబ్బానే సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

మీ ఇంట్లో పురుగుమందు కొనేది ఎవరండీ, కొట్టేది ఎవరు? కొట్టే మనిషికి ఆ రంగు ఎప్పుడైనా చూపించారా?