కన్నారావు బాబాయి మూలమట్టం

మా కన్నారావు బాబాయికి ఈ భూమ్మీద ఒక్కరే శత్రువు: తొంభై డిగ్రీలు లేని మూల.

పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, ఆస్టినాబాద్‌లో ఆయనకు రేకుల పని షెడ్డుంది. భుజాన సంచి, సంచిలో మూలలు సరిచూసే మూలమట్టం. గుమ్మం కనిపిస్తే ఆగిపోతాడు. జ్వరంతో పడుకున్న మనిషిని పలకరించడానికి వెళ్లి, ముందు మంచం కోడుకి మూలమట్టం ఆనించి, "ఇంత వంకర మంచమ్మీద జొరమెలాగ తగ్గుతాదేటి?" అని మందలించి వచ్చిన మహానుభావుడు.

కూతురు కావేరికి సంబంధం చూడటానికి రంగత్ వెళ్లాడు. తిరిగొచ్చాక పిన్ని తులసమ్మ అడిగింది.

"అబ్బాయి ఎలాగున్నాడు?"

"అబ్బాయిని సూల్లేదు గానీ, ఆలింట్లో కిటికీలు ఆరూ నిక్కచ్చి. ఖాయం సేసెయ్."

పిన్ని నెత్తి కొట్టుకుని తనే ఇంకోసారి వెళ్లి చూసొచ్చింది.

సునామీ వచ్చిన ఎనిమిదేళ్లకి నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక సర్వే ఆఫీసులో చేరాను. ఉపగ్రహం రాడార్‌తో తీసే బొమ్మల్లో మా దీవుల నేల ఎక్కడ కుంగిందో చూడటం అక్కడి పని. ఆ బొమ్మలు సరిగ్గా వస్తున్నాయో లేదో తేలాలంటే నేలమీద మనకు తెలిసిన చోట ఒక గుర్తుండాలి. ఆ గుర్తే రిఫ్లెక్టర్: మూడు అల్యూమినియం పలకల్ని గది మూలలాగా కలిపి, నోరు ఆకాశంవైపు తెరిచి పెడతారు. రాడార్ కిరణం దానికి తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది, బొమ్మలో తెల్లటి చుక్కగా మెరుస్తుంది. మూల గోరంత తప్పినా చుక్క మసకేసిపోతుంది.

"గోరంత కూడా తప్పకూడదా!" నేనిదంతా చెప్తుంటే బాబాయి మూలమట్టం బయటికి తీసేశాడు. "ఇన్నాళ్లకి నాలాంటోడొకడు ఆకాశంలో తేలినాడ్రా!"

ఆఫీసు ఆ పని ఆయనకే ఇచ్చింది. నెల్లాళ్లు తిండీ నిద్రా మాని ఆయన చేసిన రిఫ్లెక్టర్‌ని చౌల్దారీ ఊళ్లో ఒక ఖాళీ మెట్ట మీద పెట్టాం. మొదటిసారి ఉపగ్రహం మా మీదుగా వెళ్లింది. బొమ్మలో చుక్క లేదు, ఏదో మరకుంది.

మా ఆఫీసర్ జితేంద్ర సార్ బాబాయిని పిలిపించారు. "కన్నారావ్‌జీ, ఆప్‌కా కోనా టేఢా హై క్యా?"

మీ మూల వంకరా అని బాబాయిని అడిగిన మొదటి మనిషి ఆయనే. వచ్చేసారి కూడా చుక్క రాకపోతే పనితనం బాగాలేదని రిపోర్టులో రాసి, మెయిన్‌లాండ్ నుంచి కొత్తది తెప్పిస్తామన్నారు సార్.

మర్నాడు ఇద్దరం చౌల్దారీ వెళ్లాం. మూలమట్టం పెట్టి చూస్తే అడుగు పలక ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంది. మూలలో రెండు చిన్న ఎండుచేపలు, నెత్తళ్లు. ఇంతలో యర్రమ్మ అని ఒకావిడ చేపలగంప పట్టుకుని వచ్చింది. ఆవిడ చేపలు ఎండబెట్టుకునే ఒడ్డు సునామీలో కుంగి సముద్రంలో కలిసిపోయాక ఇక్కడ చెల్లెలింట్లో ఉంటోంది.

"ఎవరో మారాజు పల్లెం ఎట్టెల్లిపోనాడు భయ్యా! దీని అంచుమీద కూకుని సేపలు తిరగేసుకుంతన్నాను. ఒక్క పూటలో ఎండిపోతన్నాయి!"

నేను నోరు తెరవబోయాను. బాబాయి నా కాలు తొక్కాడు.

"మంచిదే తల్లీ. కానీ ఇది ఆఫీసోలది. ఇంక ముట్టుకోకు, నీకు నాను ఏరే ఏర్పాటు సూస్తాను" అన్నాడు.

ఆఫీసుకొచ్చి, జన్మలో అనని మాట అన్నాడు. "తప్పు నాదే సార్. మూల సరిగ్గా కలపలేదు."

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "అసలు సంగతి చెప్పొచ్చుగా బాబాయ్?"

"సెప్తే కంచె ఏసి ఆయమ్మని ఆ మెట్టెక్కనివ్వరు. నా మూలకేటి, మల్లీ కలుపుకుంతాను." అన్నాడు గానీ, సంచిలో మూలమట్టాన్ని రెండుసార్లు తడుముకున్నాడు.

తర్వాత పక్షం రోజులూ మూల సరిచేసుకుంటూ చౌల్దారీలోనే ఉన్నాడు. రెండోసారి ఉపగ్రహం తెల్లారి ఐదున్నరకి వెళ్లింది. బొమ్మ వచ్చిన రోజు ఆఫీసంతా కంప్యూటర్ చుట్టూ మూగింది. చుక్క కనిపించింది! ధగధగలాడే తెల్లటి చుక్క, ఉండాల్సిన చోటే ఉంది. నేను బల్ల మీద గుద్దాను, సార్ "శాబాష్!" అని అరిచారు. మెయిన్‌లాండ్ రిఫ్లెక్టర్ మాట ఆ క్షణంలోనే గంగలో కలిసింది. బాబాయి రుమాలుతో కళ్లొత్తుకున్నాడు.

సార్ మళ్లీ తెరమీదకి వంగారు. "లేకిన్ మనం పెట్టింది ఒకటే కదా? దాని పక్కన ఇంకో చిన్న చుక్క. యే కౌన్ హై, ఇదెవరు?"

బాబాయి మెడ గోక్కున్నాడు. "అది... యర్రమ్మ సేపల పల్లెం సార్. నా షెడ్డులోని రేకుతో సేసిచ్చినాను. ఆవిడికి అలాటిదే అలవాటైపోనాది."

దానితోపాటు నెత్తళ్ల కథంతా బయటపడింది. సార్ ఆ చిన్న చుక్కని తెరమీద పెద్దది చేసి చూశారు.

"కన్నారావ్‌జీ, చేపల పళ్లేనికి నిక్కచ్చిగా తొంభై డిగ్రీలెందుకు?"

బాబాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మరెన్నుండాల సార్?"

సార్ పడీ పడీ నవ్వి, ఆ బొమ్మ ప్రింటు తీసి రెండో చుక్క పక్కన తన చేత్తో యర్రమ్మ పేరు రాశారు.