బిడ్డెత్తు బంగారం

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో నడుం వాల్చబోతుంటే గేటు దగ్గర హారన్ మోగింది. కొరియర్ మనిషి ఒక చిన్న పొట్లం నా చేతిలో పెట్టి, తన ఫోను మీద నా వేలితో సంతకం గీయించుకొని వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే అరచేతిలో ఇమిడేంత బెల్లం ముక్క, కాస్త పసుపు, కాస్త కుంకుమ. మేడారం ప్రసాదం. ఎవరు పంపారా అని అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే మహబూబాబాద్ నుంచి నా బిడ్డ ఫోను చేసింది. మనుమడి మొక్కు ఈసారి ఫోనులోనే చెల్లించారట. పిల్లవాడి బరువెంతో అందులో రాసి డబ్బు కడితే అంత బంగారం అక్కడి వాళ్ళే అమ్మవార్ల గద్దెల దగ్గర సమర్పించి, ప్రసాదం మనం చెప్పిన చిరునామాకు పంపుతారట. నీకొకటి పంపిన బాపూ, ముట్టిందా, ఆ రద్దీల పడి నువ్వేం పరేషాన్ గాకు అని చెప్పి, పిల్లవాడు ఏడుస్తున్నాడని పెట్టేసింది.

మా వైపు వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర లేదు గానీ, తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మేము బెల్లం అనం, బంగారం అంటాం. పిల్లలకు జబ్బు చేస్తే, బతికి బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్తామని ఆ తల్లులకు మొక్కుకుంటాం; అంటే కాంటాలో ఒక పక్క బిడ్డను కూర్చోబెట్టి, రెండో పక్క అంత బరువు బెల్లం పేర్చి, ఆ బెల్లాన్ని జాతరకు మోసుకుపోవడం. ఫోనులో బరువు రాసి మొక్కు చెల్లించడం తప్పని నేననను, పసివాణ్ణి ఆ దుమ్ములోకి, ఆ తొక్కిసలాటలోకి తీసుకుపోకపోవడమే మేలు. కానీ ఆ ముక్క నోట్లో వేసుకోగానే నాకు మనుమడు గుర్తుకు రాలేదు. వాడి తల్లి గుర్తుకొచ్చింది, అప్పటికి ఐదేళ్ళు నిండని పిల్ల, ఘనపూర్‌లో ఒక కిరాణా దుకాణం ముందు కాంటాలో కాళ్ళు ముడుచుకొని కూర్చొని నా వైపు చూసిన చూపు గుర్తుకొచ్చింది. చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాను.

నాది భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం, నా భార్యది జఫర్‌గఢ్ బడిలో ఉద్యోగం. రెండు జీతాలని మురిసిపోయిన పెద్దలలో ఒక్కరు కూడా, ఈ రెండు ఊళ్ళ మధ్య వీళ్ళు కాపురం ఎక్కడ పెడతారని అడిగిన పాపాన పోలేదు. నేను గని వదలనన్నాను, ఆమె బడి వదలనంది; బస్సుల్లో తిరుగుతూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాం. నన్ను కన్న మా అవ్వ నోరు ఊరందరికీ తెలుసు, ఆమె పట్టుదల మా అవ్వకు తెలుసు, నా కోపం గనిలో నాతో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు, ఇక కాపురం నిలవకపోవడంలో వింతేముంది. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, మా ఇంట్లో కోడికూర తిని వాళ్ళింట్లో యాటకూర తిని, ఏమీ తేల్చకుండా లేచిపోయారు. చివరికి విషయం జనగామ కోర్టుకు ఎక్కింది.

మొక్కు మాత్రం అంతకుముందటిది. బిడ్డకు ఏడాది నిండకముందే జ్వరం మెదడుకెక్కిందని హనుమకొండ దవాఖానలో పెట్టినప్పుడు, మంచానికి అటు ఆమె, ఇటు నేను నిలబడి ఒకేసారి చేతులు జోడించి మొక్కుకున్నాం. మా కాపురంలో ఇద్దరం ఒక్క మాట మీద ఉన్న సందర్భాలు వెతికితే నాకు అదొక్కటే బాగా గుర్తుంది. బిడ్డ బతికింది. ఆ తరువాత వచ్చిన జాతరకు ఆమె అలిగి పుట్టింట్లో ఉంది, మొక్కు తప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో బర్రె తన్నినా, బోరు ఎండినా, మా అవ్వ ఆ తప్పిన మొక్కు మీదికే తోసేది.

కోర్టు వారు బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, నెలకొక శనివారం జనగామ కోర్టు ఆవరణలో నేను చూసి రావచ్చని చెప్పారు. తెల్లవారే బస్సెక్కి, రెండు బస్సులు మారి నేను చేరేసరికి బిడ్డ వరండాలో బల్ల మీద రిబ్బన్లు కట్టుకొని కూర్చొని ఉండేది, పక్కన కాపలాగా మా బామ్మర్ది. అంతకు కొన్నాళ్ళ ముందే ఎవరో ఒక తండ్రి ఇట్లాగే చూడవచ్చి, కొడుకును చంకన వేసుకొని గేటు బయట ఆటో ఎక్కి పోయాడట. ఆ కథ వకీళ్ళందరి నోళ్ళలో నానుతూ ఉండడంతో, మొదటి శనివారం నేను బిడ్డను ఎత్తుకోగానే బామ్మర్ది గొడవ చేశాడు. పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడు, ఎత్తుకొని తిరగకు అని నా వకీలే నాకు బుద్ధి చెప్పాడు. ఎవరో చేసిన పనికి నా చేతులు కట్టేశారు. అప్పటి నుంచి నేను తెచ్చిన బత్తాయిలు ఒలిచి తొనలు ఆ చిన్న చేతిలో పెట్టడం, పలక మీద ఏం రాయడం వచ్చిందో అడగడం, బస్సు వేళకు లేచి రావడం, అంతే. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని మొహం బయటికి తిప్పుకునేవాణ్ణి. బస్సులో ఏడ్చే మగవాణ్ణి చూస్తే జనం తాగాడనుకుంటారు.

రెండేళ్ళు తిరిగి మళ్ళీ జాతర సంవత్సరం వచ్చింది. ఈసారైనా మొక్కు తీర్చకపోతే తన ప్రాణం పోదని మా అవ్వ మొండికేసింది. బిడ్డను జాతరకు తీసుకుపోతానని నేను కోర్టులో అడిగితే, ఆ జనంలో తప్పిపోతుందనీ, నేను తిరిగి పంపననీ వాళ్ళు అడ్డం చెప్పారు. జడ్జిగారు ఇద్దరినీ చూసి, మొక్కు ఇద్దరిదీ కాబట్టి తల్లి కూడా వెంట ఉండేటట్టు ఒక్కరోజుకు వెళ్ళి రమ్మన్నారు. వకీలు నన్ను పక్కకు తీసుకుపోయి గట్టిగానే చెప్పాడు: ఆ ఒక్కరోజు పేచీ లేకుండా గడిస్తే వేసవి సెలవుల్లో బిడ్డను నా ఇంటికి పంపమని అడగవచ్చు, గొడవైతే ఉన్న శనివారాలు కూడా దక్కవు. నా బిడ్డ నా ఇంట్లో నిద్రలేవడం అనే ముచ్చట నాకు మిగులుతుందో లేదో ఆ రోజు మీద ఆధారపడి ఉంది.

మా గడప తొక్కనని ఆమె ముందే చెప్పింది కాబట్టి తూకం ఘనపూర్‌లో మాకు తెలిసిన దుకాణం దగ్గర పెట్టుకున్నాం. జాతర దగ్గర పడితే బెల్లం దొరకదని నేను ముందుగానే వెళ్ళి కొన్నాను. ఎంత కావాలంటే ఏం చెప్పను? బిడ్డ బరువెంతో నాకు తెలియదు, ఫోను చేసి అడిగే మాటలు మా మధ్య లేవు. అందుకని సంచిలో ముద్దలు వేయించి, సంచిని బిడ్డను ఎత్తుకున్నట్టే రెండు చేతులతో ఛాతీ మీదికి ఎత్తుకొని చూశాను. తేలికనిపించింది, ఇంకొక ముద్ద వేయమన్నాను. మళ్ళీ ఎత్తుకున్నాను. భుజం మీద తల వాల్చి నిద్రపోయినప్పటి బరువు నా చేతులకు తెలుసు కదా అనుకున్నాను. ఆ బరువు వచ్చిందని చేతులు చెప్పిన తరువాత కూడా, ఎందుకైనా మంచిదని పైన ఒక ముద్ద వేయించాను. దుకాణదారు నవ్వాడు, నేనూ నవ్వాను.

చెప్పిన రోజు పొద్దున్నే ఆమె బిడ్డనూ తన తమ్ముణ్ణీ వెంటబెట్టుకొని బస్సు దిగింది, భుజానికి ఒక బరువైన సంచి ఉంది. నేను మా అవ్వనూ డప్పు వాళ్ళనూ తీసుకొని ముందే వచ్చి ఉన్నాను; ఆమె, నేను పలకరించుకోలేదు. బస్తాలు తూచే పెద్ద కాంటాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, గొలుసులకు వేలాడే ఒక పలక మీద కొత్త తువ్వాల పరిచి బిడ్డను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది నేనే. ఆమె తమ్ముడు చూస్తున్నా ఆ ఒక్కసారి ఎవరూ ఏమీ అనలేదు, అయితే ఎత్తుకున్న ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. అది నా చేతులు గుర్తుపెట్టుకున్న బరువు కాదు.

డప్పు మొదలైంది. రెండో పలక మీద ఒక్కో ముద్దే పేర్చాను. సంచి ఖాళీ అయింది, బిడ్డ కూర్చున్న పలక నేల మీది నుంచి లేవలేదు. కాంటాలో కూర్చున్న బిడ్డను తూకం తేలకముందే దించకూడదన్నది మా ఇళ్ళలో పెద్ద పట్టింపు. దించితే మొక్కు చెడినట్టే. దుకాణదారు వైపు చూశాను. “ముక్క గూడ లేదన్నా, నిన్ననే ఖతమైంది,” అన్నాడు. మా అవ్వ మొహం నల్లబడింది. డప్పు కొట్టేవాళ్ళకు ఏం చేయాలో తెలియక కొడుతూనే ఉన్నారు. బిడ్డ గొలుసు పట్టుకొని నా వైపు చూసి, “బాపూ, దిగాల్నా?” అని అడిగింది. తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటున్నదని ఆ గొంతులో తెలుస్తున్నది.

అప్పుడు ఆమె ముందుకు వచ్చి తన సంచి విప్పింది. అందులో బెల్లం ముద్దలు. తల్లిగారింటి బంగారం కలుపుడేందని మా అవ్వ గొణగబోయింది గానీ, నేను చూసిన చూపుకు ఊరుకుంది. ఆమె వంగి, పేర్చుకుంటూ, నా మొహం చూడకుండానే మెల్లగా అంది: “నువ్వు తక్కువ తెస్తవని నాకెరుకే. ఎత్తుకోక ఎన్నొద్దులాయె నీకు, ఎట్ల తెలుస్తది?”

ఎత్తిపొడుపైతే తిరిగి ఒక మాట అనేవాణ్ణే. అది ఎత్తిపొడుపు కాదు. పలక లేచింది, బిడ్డ గాలిలో ఊగి కిలకిలా నవ్వింది, జనం సల్లంగ చూడు తల్లీ అని దండం పెట్టారు. నేను తువ్వాలతో మొహం తుడుచుకున్నాను, పొగ అని ఎవరికో చెప్పాను గానీ అక్కడ పొగ లేదు.

మేడారంలో జంపన్నవాగు నీళ్ళు చల్లుకొని, కలిసిపోయిన ఆ బంగారాన్ని నేను తలకెత్తుకుంటే, బిడ్డ చేయి పట్టుకొని ఆమె వెనక నడిచింది. వచ్చేటప్పుడు బస్సులో నిలబడడానికే చోటు లేదు. దొరికిన ఒక్క సీటులో నన్ను కూర్చోమని, నిద్రలో తూలుతున్న బిడ్డను ఆమే నా ఒళ్ళో పడుకోబెట్టింది. కాళ్ళు సీటు దాటి బయటికి వచ్చాయి. నా తొడ తిమ్మిరెక్కింది, కానీ కదల్లేదు. ములుగు దగ్గర వాళ్ళ దారి వేరు, నా దారి వేరు. బిడ్డను ఆమె భుజం మీదికి మార్చి బస్సు దిగాను.

సినిమా అయితే అక్కడే మేమిద్దరం కలిసిపోయేవాళ్ళం. కలవలేదు. ఆ తరువాతి శనివారం బామ్మర్ది వరండాకు రాలేదు, ఆమే వచ్చి దూరంగా చెట్టు కింద నిలబడింది, నేను బిడ్డను ఎత్తుకొని కోర్టు ఆవరణంతా తిరిగాను. వేసవి సెలవులకు పంపడానికి ఆమె అడ్డం చెప్పలేదు. విడాకులు మాత్రం వచ్చాయి. ఆ రోజు కోర్టు బయట ఇద్దరం చెరొక వైపు చాయ్ తాగి, తలా ఒక బస్సెక్కాం. మళ్ళీ పెళ్ళి చేసుకోమని మా అవ్వ పోయేదాకా పోరింది, నాకు మనసొప్పలేదు.

వేసవిలో బిడ్డ బస్సు దిగగానే మొదట ఎత్తుకునేవాణ్ణి, ఈసారి ఎంత పెరిగిందో చేతులతో తెలుసుకునేవాణ్ణి. ఒక ఏడు, బాపూ నేను పెద్దగైన, అందరు చూస్తున్నరు అని సిగ్గుపడి వెనక్కి జరిగింది. ఆ తరువాత బ్యాగు మాత్రమే అందుకునేవాణ్ణి.

ఇప్పుడు కాలం మారింది, చాలావరకు మంచికే మారింది. విడిపోయిన వాళ్ళను ఎవరూ వేలెత్తి చూపడం లేదు. కోర్టుల్లో పిల్లలకు ఆటబొమ్మల గదులు పెడుతున్నారట, దూరాన ఉన్న తండ్రులు రోజూ ఫోనులో పిల్లల మొహం చూస్తున్నారు. మా రోజుల్లో ఆ భాగ్యం లేదు. అయినా నాకొక సందేహం. రోజూ చూస్తున్న మొహం కాబట్టి, చేతులకందని బరువు ఎంత పెరిగిపోతున్నదో వాళ్ళకు తెలుస్తుందా అని.

అల్లుడికి కేసముద్రం మార్కెట్ యార్డులో ఉద్యోగం, మంచివాడు. ఆమె రిటైరై బిడ్డ దగ్గరే ఉంటున్నది, అందుకని నేను మహబూబాబాద్ వెళ్ళను. వెళితే నలుగురికీ ఇబ్బంది. బిడ్డే వీలు చూసుకొని వస్తుంది. పోయిన దసరాకు వచ్చినప్పుడు నాకొక చొక్కా తెచ్చి, ఇప్పుడే తొడుక్కో బాపూ, చూస్తా అంది. లోపలి గదిలోకి పోయి తొడుక్కున్నాను. గనిలో పనిచేసిన రోజుల్లో నాకు పట్టే కొలత అది. భుజాలు మోచేతుల మీదికి జారాయి, మెడ దగ్గర ఇంకో మెడ పడుతుంది. తరువాత చేతులు పైకి మడుచుకొని, వెనక వదులును పంచెలోకి దోపుకొని బయటికి వచ్చి, “సరిగ్గ సరిపోయింది బిడ్డా,” అన్నాను. బిడ్డ సంతోషపడింది. ఎప్పటి కొలతే తెచ్చిన బాపూ, నాకు తెల్వదా అంది.