నలగని నిమ్మకాయ

ఆ రోజుల్లో బెజవాడలో మోటార్‌సైకిల్ ఎక్కిన కుర్రాడంటే జనానికి నేరస్థుడి కిందే లెక్క. నేరం ఎప్పుడు చేస్తాడా అని ఎదురుచూడటమే తరువాయి. నేనైతే బండి కదలకముందే ఆ ముచ్చట తీర్చేశాను. గవర్నర్‌పేటలో మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్నను బతిమాలి బతిమాలి బండి కొనిపించుకున్నాను. "పేపర్లో పడ్డావో, తాళాలు నా బీరువాలోకి వెళ్తాయి," అన్నది ఆయన షరతు. (పేపర్లో వచ్చిందంటే మా నాన్నకు అదే వేదం.)

షోరూమ్ నుంచి బండిని నెట్టుకుంటూ పక్కనే ఉన్న గుడికి వాహన పూజకు తీసుకెళ్లాను. పూజారిగారు పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచి, "కొబ్బరికాయ తెస్తాను, అందాకా కదలకు నాయనా," అని లోపలికి వెళ్లారు. నేను బండి మీద కూర్చుని కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాను. అంతలో ముందు ఆగి ఉన్న కారు వెనక్కి వచ్చి గుద్దింది. బండీ నేనూ పక్కకు పడ్డాం. దండం పెట్టిన చేతులు అలాగే ఉన్నాయి. క్షణంలో జనం పోగయ్యారు. "ఏమండీ, మీకేం కాలేదు కదా?" అని కారాయన్ని పరామర్శించారు. నన్ను మాత్రం, "ఏంటయ్యా ఆ స్పీడు?" అన్నారు. "బండి ఇంకా స్టార్టే చెయ్యలేదండీ!" అన్నాను. "స్టార్ట్ చెయ్యకుండానే ఇట్టా ఉంటే, చేస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నాడో పెద్దాయన.

మర్నాడు పేపర్లో, అతివేగంతో వచ్చిన బైక్ గుడి ముందు కారును ఢీకొట్టిందని వేశారు. నాన్న చదివి చెయ్యి చాపారు. ఆ చేతిలో తాళాలకు బదులు నిమ్మకాయ పెట్టాను. "చూడు నాన్నా, బండి అంగుళం కదిలినా ఇది నలిగేది కదా!" ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. గెలిచాననే అనుకున్నాను. "ఏమేవ్, విన్నావా? వీడు నిమ్మకాయ మీంచి ఎగిరెళ్లాడు!" అని వంటింట్లోకి కేకేశారు. తాళాలు బీరువాలోకి వెళ్లాయి. ఉన్న ఒక్క సాక్ష్యంతోనూ అమ్మ నాకు దిష్టి తీసి రోడ్డు మీద పారేసింది. ఉక్రోషంతో సిటీ బస్సులో వేలాడుతూ ఆఫీసుకు పోయాను.

ఇప్పుడు నాకు కారుంది, తలా నెరిసింది. మొన్న మా అమ్మాయి కాలేజీ దారిలోంచి ఫోన్ చేసి, "నాన్నా, నా స్కూటీని కారు గుద్దింది," అంది. దెబ్బ తగిలిందా అని అడగాల్సిన నోరు, "ఎంత స్పీడులో పోతున్నావే?" అంది. "సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా నాన్నా. నాకేం కాలేదులే," అంది నీరసంగా. సిగ్గేసింది. వెంటనే బయలుదేరాను. నేను కారు దిగడం చూసి జనం దారిచ్చారు. అందులో ఒకాయన వినయంగా, "మీరు చెప్పండి సార్, తప్పెవరిదంటారు?" అని అడిగాడు. నేనేమీ చూడలేదు. అయినా అందరూ నా మాట కోసమే ఎదురుచూస్తున్నారు.