మొక్కు జుట్టు

నా కింది దవడలో ఎడమవైపు రెండు పళ్లు లేవు. ఎవరైనా అడిగితే బస్సులో కమ్మీకి కొట్టుకున్నానని చెబుతాను. నిజానికి అవి కోరాపుట్‌లో ఒక హాలు ముందు, ఆదివారం మధ్యాహ్నం, ఇనప కుర్చీ దెబ్బకి రాలాయి. ఆ పళ్ల గురించి నాకు బాధ లేదు. ఆ రోజు ఒక్క వెంట్రుక కూడా పోకుండా మిగిలిన నా జుట్టు గురించే ఇప్పటికీ సిగ్గు.

ఒడిశాలోని రాయగడ బజారులో మాది చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టాడు. డిగ్రీ తప్పి నేనూ అందులోనే కూర్చున్నాను. గోనెలు కుట్టించడం, లారీ వస్తే దింపించడం, మిర్చి ఘాటుకి తుమ్మడం, ఇదీ నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లొచ్చినా నాన్న చేత దెబ్బలు తినేవాణ్ని. నాన్న చేతిలో గోనెలు కొట్టి సర్దే కర్ర ఒకటి ఎప్పుడూ ఉండేది. అది గోనెకీ నాకూ పెద్ద తేడా చూసేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పక్కన జేకేపూర్‌లో, కాగితం మిల్లు కాలనీలో, నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక బ్యాండు పెట్టారు. పాడేవాడు నాకు కాలేజీ స్నేహితుడు. తెలుగు క్రైస్తవులు, వాళ్ల నాన్న టీచరు, అమ్మ నర్సు. ఓడల్లో పనిచేసే మేనమామ వాడికి పాత క్యాసెట్లు తెచ్చి ఇచ్చేవాడు. వాటిలోని సంగీతాన్ని గ్లామ్ మెటల్ అంటారని వాడే నాకు చెప్పాడు. మగాళ్లే, కానీ కళ్లకి కాటుక, పెదాలకి రంగు, ఆకాశానికి లేచిన జుట్టు, ఒంటికి అతుక్కున్న ప్యాంట్లు, చెవులు చిల్లులు పడే గిటారు. పుట్టిన దేశాల్లోనే ఆ సంగీతం పదేళ్ల కిందట చచ్చిందట, ఇప్పుడు కొందరు మళ్లీ లేపుతున్నారట. "ఆళ్లు అక్కడ లేపుతన్నారు, మనం ఇక్కడ లేపుదాం" అన్నాడు. ఇక్కడ అసలెప్పుడు బతికిందని లేపడానికి? ఆ మాట నాకు తట్టలేదు. మొదటి పాట సగంలోనే నేను పడిపోయాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చునే మనిషికి, ఎవరో తన తరపున గొంతు చించుకుని అరుస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

నాకు పాడటం రాదు, వాయించడం రాదు. నేను వాళ్ల అభిమానిని, అంతే. డ్రమ్ములు బస్సు టాపు మీదకి ఎక్కించేవాణ్ని. పులిచారల దుప్పట్లు కొని మా వీధి టైలరు చేత ప్యాంట్లు కుట్టించాను. ఆడపిల్లలకా అని అడిగాడు, అవునన్నాను. జుట్టు నిలబెట్టే మందులు మాకు దొరికేవి కావు. అన్నం వార్చిన గంజి చిక్కగా కాచి, జుట్టుకి పట్టించి, వేళ్లతో పైకెత్తి పట్టుకుని విసనకర్రతో విసిరేవాణ్ని. అరగంటలో కొమ్ముల్లా బిగిసేది. మూడో పాటకి చెమట పట్టి ఆ గంజి, కాటుక కలిసి మొహాల మీద కారేవి. అయినా నా కంటికి వాళ్లంత అందగాళ్లు కోరాపుట్, రాయగడ రెండు జిల్లాల్లోనూ లేరు.

వాళ్లతో పాటు నేనూ జుట్టు పెంచాను. కాలరు దాటేదాకా నాన్న ఓర్చుకున్నాడు. ఒకరోజు మిర్చి గోనెల మధ్య నన్ను కింద పడేసి, వీపు మీద కర్ర విరిగేదాకా కొట్టి, జుట్టు పిడికిట పట్టుకుని కత్తెర తెమ్మని అమ్మని కేకేశాడు. ఆ కత్తెర చూడగానే నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"కొయ్యకు నాన్నా! అప్పన్నకి మొక్కేను!"

నాన్న చెయ్యి కాలినట్టు వదిలేశాడు. మా ఇళ్లల్లో సింహాచలం అప్పన్నకి మొక్కిన జుట్టంటే అది ఇక మనిషిది కాదు. మంగలి కూడా దాని కొస కత్తిరించడు. కొండ మీద తలనీలాలిచ్చేదాకా అలా పెరగాల్సిందే.

"ఏటికి మొక్కేవు?" అన్నాడు నాన్న ఆయాసపడుతూ.

"యాపారం బాగుండాలని."

ఆయన కళ్లు చెమర్చాయి. నా భుజం తట్టి, పసుపు రాయమని అమ్మకి చెప్పి వెళ్లిపోయాడు. అమ్మ పసుపు రాస్తూ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను మాత్రం నా తెలివికి మురిసిపోయాను. ఇక ఈ భూమ్మీద నా జుట్టు ముట్టుకునే మొనగాడు లేడనుకున్నాను.

రెండేళ్లు వాళ్ల వెంట తిరిగాను. పెళ్లిళ్లకి, కాలేజీ ఫంక్షన్లకి, సంతలకి, ఎవరు పిలిస్తే అక్కడికి. వినేవాళ్ల కంటే నవ్వేవాళ్లు ఎక్కువ. నందపూర్ సంతలో నాటకం వేషగాళ్లనుకుని, ద్రౌపది ఎవరని అడిగారు. బిస్సమ్ కటక్‌లో రాళ్లు పడ్డాయి. ఆడంగులన్న మాట వినపడితే చాలు, నేను జనంలోకి దూకేసేవాణ్ని. డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళాలు నిలబెట్టే స్టాండుతో కొట్టాను, సైకిలు చైనుతో కొట్టాను, ఏమీ దొరకనప్పుడు నుదుటితో కొట్టాను. తిన్నాను కూడా. నాకు కొట్లాటంటే ఇష్టం. ఆ మాట పైకి అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇంట్లో తిన్నవన్నీ అక్కడ ఎవడో ఒకడికి తిరిగి ఇస్తున్నానని అప్పుడు తెలియలేదు, బ్యాండు పరువు కాపాడుతున్నానని అనుకునేవాణ్ని.

"నువ్వు పాట ఇనడానికి వత్తన్నావా, కొట్లాటకి వత్తన్నావా?" అని ఒకసారి పాడేవాడే విసుక్కున్నాడు.

"రెండింటికీ" అన్నాను.

"నువ్వు కొట్టేసి ఎల్లిపోతావు. ఆ ఊరు మళ్లీ ఎల్లి పాడాల్సింది నాను."

వాడి మాట నేను చెవిన పెట్టలేదు. ఆ నెలలోనే మళ్లీ నందపూర్ సంతలో ఒకడు పాడేవాడి ప్యాంటు పట్టుకుని లాగాడు. ఆ లాగినవాడి ముక్కు పగలగొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా పిడికిలికి తెలిసింది. వాడు కోరాపుట్‌లో బట్టల కొట్టు వాళ్ల అబ్బాయి, మాలాగే ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్లు. ముక్కు పట్టుకుని, "కోరాపుట్ రండర్రా, మీ పని సెప్తాను" అని అరుస్తూ పోయాడు.

కోరాపుట్ పిలుపు రెండు నెలల్లో వచ్చింది. ఎన్నో బ్యాండ్లు వాయించే పోటీ. వెళ్లొద్దని డ్రమ్ములవాడు అన్నాడు. నేనున్నానుగా అన్నాను. చూడండి, ఆ మాట అన్నది నేనే.

హాలు ముందు జీపు దిగగానే పదిమంది చుట్టుముట్టారు. మిగతా ముగ్గురూ గిటార్లు వదిలేసి పరిగెత్తారు, వాళ్లని తప్పుపట్టను. నేను ఇద్దర్ని పడగొట్టాను. మూడోవాడి కుర్చీ నా దవడకి తగిలింది. నోట్లో పళ్లు విడిగా తిరుగుతున్నట్టనిపించి ఉమ్మేశాను. నన్ను మోకాళ్ల మీద కూలదోసి, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. పక్కనే పాడేవాణ్ని పొత్తికడుపులో తన్నుతున్నారు. వాడు కొట్లాడటం ఎరగడు, గొంతు పాడవకూడదని రెండు చేతులూ మెడ చుట్టూ పెట్టుకున్నాడు.

ముక్కు వంకరపోయినవాడు వచ్చాడు. చేతిలో కొట్లో బట్టలు కోసే పొడుగాటి కత్తెర.

"ఈడిది ముందు" అని నా జుట్టు గుప్పిట పట్టి మెడ వెనక్కి వంచాడు. కత్తెర చల్లగా చెవి వెనక తగిలింది. నోటినిండా రక్తంతోనే అరిచాను.

"మొక్కు జుట్టు! అప్పన్న మొక్కు!"

కత్తెర ఆగింది. వాడు నా జుట్టు వదిలేశాడు. నా రక్తమంటిన అదే చెయ్యి కళ్లకద్దుకున్నాడు. "ముందే సెప్పాల కదేటి" అన్నాడు, నిజంగా తప్పు చేసినవాడిలా. తర్వాత పాడేవాడి వైపు తిరిగాడు. చిరిగిన చొక్కాలోంచి వాడి మెళ్లో సిలువ కనిపిస్తోంది.

"ఈడికి మొక్కేటి ఉండదు. పట్టుకోండ్రా."

వాడిదీ మొక్కేనని నేను అరవచ్చు. నాది అబద్ధం, నాదే కోసుకోండని అనొచ్చు. ముక్కు పగలగొట్టింది నేను కదా, వాణ్ణెందుకని అయినా అడగొచ్చు. వీటిలో ఏ ఒక్కటి అన్నా చాలు. పాడేవాడు తల తిప్పి నా వైపు చూశాడు కూడా, అంటానేమోనని. నేను నోరు మూసుకున్నాను. నాకు భయం వేసింది. తన్నులకి కాదు, నా జుట్టు పోతుందని. అంత నీచుణ్ని నేను.

ఆ కత్తెర దట్టమైన గుడ్డ కోసినట్టు కరకరా కోసింది. గంజి పెట్టిన జుట్టు గుత్తులు గుత్తులుగా దుమ్ములో పడింది. వాడు పెనుగులాడితే చెవి అంచు తెగింది, నెత్తి మీద రెండు చోట్ల చర్మం లేచింది. రక్తం, కాటుక, గంజి మొహం మీదకి కారుతుంటే వాడు ఏడవలేదు, అరవలేదు. నన్నే చూస్తున్నాడు.

జేకేపూర్‌లో వాళ్లమ్మ వాడి చెవికి కుట్లు వేసింది. తర్వాత నా నోరు కడిగి దూది పెట్టింది. నేను లేచేటప్పుడు వాడే అన్నాడు.

"నీకు జుట్టు మిగిలింది కదా. ఎల్లి దువ్వుకో. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

పది రోజులు ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు. బ్యాండు ఆగిపోయిందన్నారు. నాకు వాళ్ల పాట తప్ప వేరే బతుకు లేదు, దాన్ని నేనే చంపుకున్నాను. పదకొండో రోజు బజారులో మంగలి దగ్గరికి వెళ్లి గుండు చెయ్యమన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టేసి దణ్ణం పెట్టాడు.

"మొక్కు జుట్టు నాను ముట్టను బాబూ. నాకు పిల్లలున్నారు. కొండకే ఎల్లు."

ఊళ్లో ఉన్న మంగళ్లందరికీ నాన్న గర్వంగా చెప్పుకున్నాడు మరి. నా అబద్ధం నా నెత్తినే కూర్చుంది. కోపంతో కొట్టుకి వచ్చి, గోనెలు కోసే కత్తి తీసుకుని, గుప్పిళ్లు గుప్పిళ్లుగా నేనే కోసేసుకున్నాను. జుట్టుతో పాటు తోలూ తెగింది. మిర్చి దుమ్ము ఆ గాయాల్లో పడి మండుతుంటే మంచిదే అనుకున్నాను.

నాన్న లోపలికి వచ్చి నేల మీద జుట్టు చూశాడు. అంతకుముందు తిన్నవన్నీ ఆ రోజుతో పోలిస్తే ముద్దులు. కర్రతో కాదు, తరాజు పళ్లెం వేలాడదీసే ఇనప గొలుసుతో కొట్టాడు. "దేవుడి సొమ్ము ముట్టుకున్నావురా! ఇంటిల్లిపాదినీ సంపేత్తావేటిరా!" అని ఏడుస్తూ కొట్టాడు. ఆయన ఏడవడం అదే మొదలు.

"మొక్కూ లేదు, పాడూ లేదు!" అని నేనూ అరిచాను. "జుట్టు కోసం అబద్ధమాడేను. నాను ఏ దేవుడికీ మొక్కలేదు!"

గొలుసు గాల్లోనే ఆగింది. గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"నువ్వు మొక్కలేదని నాకు తెల్సు. అందుకే నాను మొక్కేను."

ఇద్దరం అటు తిరిగాం.

"నువ్వు అబద్ధమాడిన రోజే మొక్కేను. దేవుడి పేరు మీద అబద్ధం నిలబడకూడదని. వారం వారం నెత్తురోడుకుంటూ వత్తావు. నా కొడుకు పేణాలతో ఇంటికొత్తే, ఆడి తలనీలాలు నాను దగ్గరుండి ఇప్పిత్తాను సామీ అని మొక్కేను. కోరాపుట్‌లో నీ పేణం దక్కింది. ఇప్పుడేటిచ్చేది?"

వంగి, నేల మీది జుట్టు ఊడ్చి చేటలోకి ఎత్తింది. నేల మీద పడింది కొండకి పనికిరాదు. మర్నాడు పొద్దున్న బండికి, బదులు తన జుట్టే ఇస్తానని సింహాచలానికి ఒక్కతే బయల్దేరింది. "ముత్తైదువ్వి, గుండేటే, నలుగురూ ఏటంటారే" అని నాన్న స్టేషను దాకా వెంటపడి బతిమాలాడు. వాళ్ల వెనకాల దెబ్బలతో కుంటుకుంటూ నేను. అమ్మ వెనక్కి చూడలేదు.

మోకాళ్ల దాకా ఉండే జుట్టు మా అమ్మది. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. గాలికి అది జారింది, సర్దుకోలేదు. బజారంతా చూసింది. నుదుట బొట్టుతో, గంధం పూసిన గుండుతో వీధి మధ్యలోంచి నడిచొచ్చి, కొట్టు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తెమ్మంది. గ్లాసు ఆమె చేతికిచ్చాను. ఆ తల చూడలేక గోడ వైపు తిరిగి ఏడ్చాను.

కబురు జేకేపూర్ చేరడానికి రెండు రోజులు పట్టింది. పాడేవాడు సైకిలు మీద వచ్చాడు. టోపీ పెట్టుకున్నాడు, చెవికి ఇంకా పట్టీ ఉంది. అరుగు మీది అమ్మని చూసి ఆగిపోయాడు. టోపీ తీశాడు. ఎక్కుడుదిగుడు జుట్టుతో వాడు, నున్నటి తలతో ఆమె, కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత వాడు కొట్లోకి వచ్చి, గోనెల మధ్య నిలబడ్డ నన్ను చూసి, చాచిపెట్టి ఒక్కటి ఇచ్చాడు. లేని పళ్ల వైపే. జీవితంలో వాడు కొట్టిన మొదటి దెబ్బ అదేననుకుంటాను, వాడి చెయ్యే ఎక్కువ నొప్పెట్టినట్టుంది. నేను చెయ్యి ఎత్తలేదు.

"కోరాపుట్‌లో నోరేదిరా?" అన్నాడు.

అరుగు మీంచి అమ్మ తల తిప్పకుండానే అంది:

"ఇంకోటెయ్యి నాయినా. ఇది నా జుట్టుకి."

వాడు మళ్లీ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే నా చిందరవందర తల మీద పెట్టి ఏడ్చేశాడు.